బడికి బండి తీసుకెళ్లి మానవ శరీర పాఠం చేయించడం ఎలా

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. “అన్నా, మా ఆఫీసులో సీఎస్‌ఆర్ (కంపెనీ సామాజిక సేవ) కింద కొంత డబ్బుంది. ఒక వ్యాన్ తీసుకుని గవర్నమెంట్ స్కూళ్లకు సైన్స్ ల్యాబ్‌లా తిప్పుదామనుకుంటున్నాం. ఏ వ్యాన్ బాగుంటుంది?” చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకే ఒకేసారి రాసేస్తున్నాను. వ్యాన్ సంగతి చివర్లో వస్తుంది. అప్పటిదాకా ఓపిక పట్టండి.

నేను మదనపల్లెలో బయాలజీ చెప్పి బెంగళూరు వచ్చినవాణ్ని. మేం నలుగురం కలిసి కేఆర్ పురం, వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు బడులకు వెళ్తుంటాం. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కట్టే పనికొచ్చిన కదిరి, రాయచోటి, పుంగనూరు వాళ్ల పిల్లలు ఆ బడుల్లో చాలామందే ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మీడియం. కింద రాసినదంతా ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలతో చేసి చూసిందే.

ఈ పని కొత్తదేం కాదు. కుప్పం దగ్గర క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ 1999లో మొదలైంది. వాళ్ల మొబైల్ ల్యాబ్‌లు ఊళ్లకు వెళ్తాయి, బైకు మీద పెట్టె కట్టుకుని కూడా వెళ్తారు. బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య సైన్స్ మ్యూజియం వాళ్లు బస్సులో ఎగ్జిబిషన్ తిప్పుతారు. మీరు మొదలుపెట్టే ముందు ఒక పూట వెళ్లి చూసిరండి. బొమ్మలు ఏమున్నాయన్నది తర్వాత సంగతి, పిల్లల చేతులు ఎక్కడున్నాయో చూడండి. చేతులు కట్టుకుని నిలబడి ఉంటే అక్కడ ఎగ్జిబిషన్ జరుగుతోంది. చేతుల్లో ఏదో ఒకటి ఉంటే పాఠం జరుగుతోంది.

ఏమేం కావాలి

ముప్పై మంది పిల్లలు, ఐదుగురు చొప్పున ఆరు గుంపులు అనుకుని లెక్క వేశాను. అంతా రెండు ట్రంకు పెట్టెల్లో పడుతుంది.

- స్టెతస్కోప్‌లు రెండు, చవకవి చాలు. సర్జికల్ స్పిరిట్, దూది.
- గరాటులు ఆరు, వాటి మూతికి బిగుతుగా పట్టే రబ్బరు పైపు అరమీటరు చొప్పున, బెలూన్లు రెండు ప్యాకెట్లు. సిటీ మార్కెట్‌లో అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి.
- గట్టి ప్లాస్టిక్ లీటరు బాటిళ్లు ఆరు, వై ఆకారం పైపు ముక్కలు ఆరు, పిల్లలు ఆడుకునే క్లే, టేపు.
- 5 లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి, వెడల్పు టబ్బు ఒకటి, మీటరు పైపు.
- పాన్ డబ్బాలో అమ్మే సున్నం, మూత గట్టిగా ఉన్న సీసా, పేపర్ కప్పులు, స్ట్రాలు పిల్లకొకటి, కళ్లద్దాలు, సైకిల్ పంపు.
- పాత చీర ఒకటి, ఒళ్లు తుడుచుకునే పెద్ద తువ్వాలు ఒకటి.
- 30 సెంటీమీటర్ల స్కేళ్లు ఆరు, చీపురు పుల్లలు, సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి.
- తెల్ల కాగితాలు పిల్లకు రెండు చొప్పున, స్కెచ్ పెన్నులు.
- ఫస్ట్ ఎయిడ్ డబ్బా, చెత్తకు మూతున్న బకెట్, సబ్బు, నీళ్లు.

అస్థిపంజరం బొమ్మ కావాలా అని అడుగుతారు. ఉంటే మంచిదే, పిల్లలు ఎగబడతారు. లేకపోయినా పాఠం ఆగదు. కొనేటట్టయితే 85 సెంటీమీటర్ల చిన్నది చాలు, నిలువెత్తుది బండిలో మడతపడక మెడ విరుగుతుంది. మైక్రోస్కోప్ బదులు ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ వాడొచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసింది, 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది, జేబులో పడుతుంది. అయితే మొదటిసారే దాన్ని తీసుకెళ్లకండి. ఫోకస్ కుదిర్చేసరికి పీరియడ్ అయిపోతుంది.

1. తేదీ, అనుమతి

గవర్నమెంట్ బడి అయితే కన్నడలో ఒక ఉత్తరం రాసి బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్‌కు, అంటే బీఈఓకు ఇవ్వండి. కాపీ హెడ్‌మాస్టర్‌కు ఇవ్వండి. ఎవరెవరు వస్తారు, ఏమేం తెస్తారు, ఏ తరగతి, ఎంతసేపు అన్నవి అందులో ఉండాలి. “రక్తం తీయము, కోసి చూపించే జంతువుల అవయవాలు తేము, ఫొటోలు తీయము” అన్న మూడు ముక్కలు రాస్తే సగం ప్రశ్నలు రావు. ఎస్‌డీఎంసీ అని తల్లిదండ్రుల కమిటీ ఒకటి ఉంటుంది, అధ్యక్షుడికి ఒక మాట చెప్పించండి. ఉత్తరం మీద సంతకం అయ్యాక కూడా ముందురోజు హెచ్‌ఎంకు ఫోన్ చేయండి. ఒకసారి మేం వెళ్లేసరికి ఆ తరగతి మొత్తం కబడ్డీ పోటీలకు వెళ్లిపోయింది.

శనివారం పొద్దున ఒంటిపూట బడి కాబట్టి వాలంటీర్లకు వీలు. కానీ పిల్లల మనసు ఇంటిమీద ఉంటుంది, మొదటి రెండు పీరియడ్లే అడగండి. మిగతా రోజుల్లో అయితే బిసియూట, అంటే బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం తర్వాత వద్దు, కడుపు నిండాక గెంతమంటే కక్కుకుంటారు. జనవరి నుంచి పదో తరగతి జోలికి వెళ్లకండి, ఎస్‌ఎస్‌ఎల్‌సీ టెన్షన్‌లో టీచర్లు మిమ్మల్ని గేటు దగ్గరే నిలబెడతారు.

2. మూడు పనులే ఎంచుకోండి

నాడి, ఊపిరి, పేగులు. ఒక్కోదానికి ఇరవై ఐదు నిమిషాలు. రెండు పీరియడ్లకు ఇవే ఎక్కువ. మేం మొదట్లో ఏడు పెట్టుకుని వెళ్లాం. బల్ల బల్లకూ పిల్లల్ని తోలడమే సరిపోయింది, చివరికి ఏం చేశారురా అంటే “బస్సు బాగుంది సార్” అన్నారు.

రెండు గుంపులకు ఒక వాలంటీర్ ఉండాలి. ఇద్దరి కంటే తక్కువ పెద్దవాళ్లతో బడికి వెళ్లొద్దు. వాళ్లలో ఒకరు ఆడవాళ్లయి ఉండాలి. క్లాస్ టీచర్ గదిలోనే ఉండాలని ముందే మాట తీసుకోండి. లేకపోతే మిమ్మల్ని చూసి తనకు ఒక గంట ఖాళీ దొరికిందనుకుంటారు, మీరు వెళ్లాక ఆ పాఠం కొనసాగించేవాళ్లు ఉండరు.

3. మాటల కాగితం రాసుకోండి

ఈ మెట్టు అందరూ వదిలేస్తారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం ఇదే.

ఒక చిన్న కాగితం మీద మూడు వరసలు గీయండి. పుస్తకంలోని కన్నడ మాట, పుస్తకంలోని తెలుగు మాట, ఇంట్లో మాట. శ్వాసకోశ, ఊపిరితిత్తులు. మెదుళు, మెదడు. కరుళు, పేగులు, బోటి. కాలేయం, కార్జం. హృదయ, గుండె, గుండెకాయ.

వర్తూరు వైపు ఒక బడిలో ఒకమ్మాయి గంటసేపు నోరు విప్పలేదు. తలకు నూనె రాసి రెండు జడలు వేసుకుని, కుడిచేతి గోరు కొరుక్కుంటూ కూర్చుంది. “కరుళు” అని నేను రెండుసార్లన్నా గోడకు చెప్పినట్టే ఉంది. చీర పరిచి “ఇది బోటి అనుకో పాపా” అన్నాను. టక్కున లేచి, “మా అవ్వ బోటి కడిగేటప్పుడు లోపలంతా తువ్వాలు మాదిరి గరుగ్గా ఉంటాది సార్” అంది. చిన్నపేగు లోపలి గోడకు నూగులాంటి చూషకాలు ఉంటాయని నేను పది నిమిషాలు చెప్పాల్సింది ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. అప్పటి నుంచి ఇంట్లో మాటే ముందు, పుస్తకం మాట తర్వాత.

మాంసం తినని ఇళ్ల పిల్లలూ ఉంటారు కదా, ఒక్క బోటి మాట మీదే ఆధారపడకండి. ఎవరైనా ముఖం చిట్లిస్తే పేగులు అనేయండి, చాలు.

4. ముందు బొమ్మ గీయించండి

ఏమీ చెప్పకముందే పిల్లకొక కాగితం ఇచ్చి, మనిషి ఆకారం గీసి, లోపల ఏమేం ఉన్నాయో వేయమనండి. ఐదు నిమిషాలు. పేరు రాయించండి, మార్కులు ఉండవని చెప్పండి. పక్కవాళ్లది చూసి వేస్తున్నా పట్టించుకోకండి. కాగితాలు తీసుకుని పక్కన పెట్టేయండి. చాలామంది గుండెను గ్రీటింగ్ కార్డు మీది ఆకారంలో ఎడమ చంక కింద వేస్తారు. పొట్ట ఖాళీ గుండ్రం. ఊపిరితిత్తులు ఉండవు, లేదా ఒకటే ఉంటుంది. ఈ కాగితాలు చివర్లో కావాలి.

5. నాడి, గుండె

అ) ఎడమ అరచేయి పైకి పెట్టించి, బొటనవేలి మొదలు కింద, మణికట్టు అంచున, కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఆనించమనండి. గట్టిగా నొక్కితే నాడి పోతుంది. దొరకని పిల్లలు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ల చేతిని కాసేపు రుద్దుకోమని, మళ్లీ చూడమనండి. బొటనవేలితో చూడనివ్వకండి. దానికి సొంత నాడి కొట్టుకుంటుంది, ఎవరిది లెక్కపెడుతున్నామో తెలియదు.

ఆ) నాడి కొట్టుకునే చోట శనగగింజంత క్లే అంటించి, దాంట్లో చీపురు పుల్ల నిలబెట్టండి. చేయి బల్ల మీద కదలకుండా పెడితే పుల్ల కొన తలూపుతుంది. పుల్ల పొడవు ఎక్కువైతే ఊపు బాగా కనిపిస్తుంది, మరీ బరువైతే పడిపోతుంది, పది పన్నెండు సెంటీమీటర్లు చాలు. ఫ్యాన్ ఆపేయడం మర్చిపోకండి. ఫ్యాన్ గాలికి ఊగే పుల్లను చూసి నా నాడి నా నాడి అని అరిచిన బ్యాచ్ ఒకటి ఉంది.

ఇ) 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించమనండి. 10 సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణిస్తే ఒక్క దెబ్బ తప్పినా ఆరు తేడా వస్తుంది. మూడుసార్లు చేసి రాయించండి. ఈ వయసు పిల్లలకు కూర్చున్నప్పుడు 70 నుంచి 100 మధ్య వస్తే మామూలే.

ఈ) ఇప్పుడు నిలబడ్డ చోటే ఒక నిమిషం గెంతించి, ఆగిన వెంటనే మళ్లీ లెక్కపెట్టించండి. బస్కీలు తీయమనకండి, తెలుగు పిల్లలైనా కన్నడ పిల్లలైనా ఆ మాట వింటే శిక్ష అనుకుంటారు. గెంతించే ముందు టీచర్‌ను పక్కకు పిలిచి ఎవరికి ఆస్తమా, ఎవరికి గుండె సమస్య, ఎవరికి జ్వరం వచ్చి తగ్గింది అని అడగండి. తరగతి ముందు అడగొద్దు. వాళ్లకు గడియారం చేతికిచ్చి టైమ్‌కీపర్లను చేయండి. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలుంటారు, బడిలో పాలు ఇచ్చే రోజైతే అవి తాగాకే గెంతించండి.

ఉ) గరాటు నోటికి కత్తిరించిన బెలూన్ సాగదీసి కట్టి, మూతికి పైపు తొడిగితే గుండె చప్పుడు వినే గొట్టం తయారు. గుంపుకొకటి పిల్లలతోనే కట్టించండి. తర్వాత అసలు స్టెతస్కోప్‌తో వినిపించండి. చెవుల్లో పెట్టుకునే కొనలు ముందుకు, ముక్కు వైపుకు తిరిగి ఉండాలి. వెనక్కి పెట్టుకుంటే ఏమీ వినపడదు, వాలంటీర్లే ఈ తప్పు చేస్తారు. ఎవరి ఛాతీ మీద వాళ్లే, యూనిఫామ్ పైనుంచే పెట్టుకోవాలి. మీరు పెట్టకూడదు. పిల్ల మారినప్పుడల్లా కొనలను స్పిరిట్ దూదితో తుడవాలి.

లబ్-డబ్ అనే రెండు చప్పుళ్లు గుండె గదుల తలుపుల్లాంటి కవాటాలు మూసుకునే చప్పుడు. సిద్ధాంతం ఇంతవరకు చాలు. గుండె ఎడమవైపు ఉంటుందని మాత్రం చెప్పకండి. ఛాతీ మధ్యలోనే ఉండి, కింది కొన ఎడమకు వాలి ఉంటుంది. పుస్తకంలో నీలం రంగు వేశారని సిరల్లో నీలం రక్తం ఉంటుందని కూడా అనుకుంటారు, అది బొమ్మ గీసే సౌకర్యం, రక్తం ఎక్కడైనా ఎరుపే.

కూర్చున్నప్పుడు ఒక పిల్ల లెక్క మరీ 45 అనో 160 అనో వస్తే మళ్లీ లెక్కపెట్టించండి. తొంభై తొమ్మిదిసార్లు లెక్క తప్పే. మళ్లీ మళ్లీ అలాగే వస్తే నోరెత్తకుండా రాసుకుని, వెళ్లేటప్పుడు హెచ్‌ఎంకు విడిగా చెప్పండి. మనం డాక్టర్లం కాదు.

6. ఊపిరి

బాటిల్ ఊపిరితిత్తి అందరికీ తెలిసిందే. లీటరు బాటిల్ అడుగు కోసి, వై పైపు రెండు కొనలకు రెండు బెలూన్లు కట్టి లోపలికి దింపి, మూతి దగ్గర క్లేతో మూసి, అడుగున పెద్ద బెలూన్ ముక్క సాగదీసి కట్టాలి. అడుగు లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి. ఆ అడుగు రబ్బరే మన ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర (డయాఫ్రమ్).

ఇది పనిచేయకపోతే కారణాలు మూడే. మూతి దగ్గర క్లే పగిలి గాలి పోతోంది, తడి వేలితో మళ్లీ నొక్కండి. బాటిల్ పల్చగా ఉండి అదే లోపలికి నొక్కుకుపోతోంది, కూల్‌డ్రింక్ బాటిల్ వాడండి. బెలూన్ కొత్తది, బిర్రుగా ఉంది, ఇంటి దగ్గరే నాలుగుసార్లు ఊది వదలండి. కోసిన అంచులకు టేపు వేయడం ఇంట్లోనే చేసుకోండి, కత్తెర బడికి తీసుకెళ్లొద్దు. పిల్లలకు అడుగు రబ్బరు కట్టే పని మాత్రం వదలండి. అంతా తయారుచేసిచ్చిన బొమ్మను ఒకసారి లాగి పక్కన పడేస్తారు. తాము కట్టింది ఇంటికి పట్టుకుపోతామంటారు.

పని చేశాక ఒక ప్రశ్న వేయండి. “ఇందులో నిజం ఒంటికీ బొమ్మకీ తేడా ఏంటి?” బాటిల్ గోడ కదలదు, మన పక్కటెముకలు కదులుతాయి. బాటిల్లో చుట్టూ ఖాళీ ఉంది, మన ఛాతీలో అలా ఉండదు. ఇది వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి. రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్నా పర్వాలేదు.

సున్నపు తేట. ముందురోజు రాత్రి లీటరు నీళ్లలో చెంచాడు సున్నం కలిపి, మూత పెట్టి, పొద్దున పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకోండి. పిల్లకొక కప్పు, అడుగున రెండు వేళ్ల ఎత్తు తేట, ఒక స్ట్రా. ఊదితే తెల్లబడుతుంది. ఇక్కడ జాగ్రత్తలు గట్టిగా ఉండాలి. పీల్చకూడదు, ఊదాలి. పొరపాటున పీల్చినా నోట్లోకి రాకుండా, స్ట్రా పై భాగంలో సూదితో ఒక చిన్న బొక్క పెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి, కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. గబగబా ఊదితే తల తిరుగుతుంది, పదిసార్లు ఊదాక ఆపమనండి. ఎక్కువసేపు ఊదితే తెల్లదనం మళ్లీ పోతుంది, అప్పుడు “అన్నా నాది పనిచేయలేదు” అంటారు.

పోలిక లేకపోతే ఈ ప్రయోగానికి అర్థం లేదు. ఇంకో కప్పులో సైకిల్ పంపుతో గాలి కొట్టించండి. అది అంత త్వరగా తెల్లబడదు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం, మనం వదిలే గాలిలో సుమారు 4 శాతం. “ఆక్సిజన్ పీలుస్తాం, కార్బన్ డయాక్సైడ్ వదులుతాం” అని పాఠం అప్పజెప్పే పిల్లలకు, వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఆక్సిజన్ ఉంటుందని చెబితే నమ్మరు. నోట్లో గాలి ఊది మనిషిని ఎలా బతికిస్తారో అడగండి, వాళ్లే తేల్చుకుంటారు.

టైమ్ ఉంటే ఊపిరి కొలవండి. 5 లీటర్ల క్యాన్ మీద అర లీటరు అర లీటరుకు గీతలు పెట్టి, నిండా నీళ్లు పోసి, టబ్బులో తలకిందులు చేసి, పైపుతో ఒక్క ఊపిరి ఊదించండి. పన్నెండేళ్ల పిల్లలకు 2 నుంచి 3 లీటర్ల మధ్య వస్తుంది. పైపు కొనకు పిల్లకొక కొత్త స్ట్రా ముక్క తొడగండి. ఎవరిది ఎక్కువ అని పోటీ పెట్టకండి. పొడుగు పిల్లలకు ఎక్కువే వస్తుంది, అందులో గొప్పేం లేదు.

7. చీర

అమ్మల చీర ఐదున్నర మీటర్లు. చిన్నపేగు పుస్తకం లెక్క ప్రకారం సుమారు 6 మీటర్లు. పెద్దపేగు మీటరున్నర, సరిగ్గా ఒక తువ్వాలు. చీరను సన్నగా మెలిపెట్టి, తువ్వాలును లావుగా చుట్టి, రెండూ ముడివేసి పిల్లల్ని వరసగా పట్టుకోమనండి. ఒకడు నోరు, ఒకడు గొంతు, ఒకడు జీర్ణాశయం. ఒక కాగితపు ఉండను ఇడ్లీ ముక్క అనుకుని చేతులు మార్చుకుంటూ చివరిదాకా పంపాలి. జీర్ణాశయం పిల్లవాడు దాన్ని మూడు నాలుగు గంటలు దగ్గర పెట్టుకుంటాడని చెబితే నవ్వుతారు. తర్వాత అంత చీరనూ ఒక చిన్న చేతిసంచిలో కుక్కమనండి. కుక్కడం అయ్యాక ఆ సంచిని ఒక పిల్లవాడి పొట్ట మీద పెట్టి చూపించండి. దీనికి ఇంకేం చెప్పక్కర్లేదు.

పక్కనే బోర్డు మీద తొమ్మిది నీళ్ల క్యాన్లు గీయండి, ఒక్కోటి 20 లీటర్లు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి, బయటికి వచ్చేది లీటరున్నర. మిగతాది ఎక్కడికి పోయిందని అడిగి వదిలేయండి. బెంగళూరు పిల్లలకు నీళ్ల క్యాన్ల లెక్క బాగా తెలుసు.

8. టైమ్ మిగిలితే స్కేలు

ఒకరు స్కేలు పైన పట్టుకుని వదలాలి, ఇంకొకరు సున్నా దగ్గర వేళ్లు తెరిచి పట్టుకోవాలి. పడే స్కేలును చూసి పట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో దీంతో తెలుస్తుంది. 5 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.10 సెకను, 10 అయితే 0.14, 20 అయితే 0.20, 30 అయితే 0.25. ఐదుసార్లు చేసి సగటు తీయాలి. వదిలేవాళ్లు ఒకటి, రెండు, మూడు అని చెప్పి వదిలితే అంచనా వేసి పట్టేస్తారు, ఫలితం చెల్లదు.

చేయకూడనివి

బ్లడ్ గ్రూప్ పరీక్ష చేయించమని హెచ్‌ఎంలే అడుగుతారు, మర్యాదగా వద్దనండి. సూది, రక్తం, ఆ వ్యర్థాలు పారేయడం మన చేతిలో పని కాదు. పైగా పిల్ల ఇంటికెళ్లి అమ్మానాన్నల గ్రూపులతో లెక్క సరిచూసుకోవడం మొదలుపెడితే జవాబు ఎవరు చెప్తారు? నాలుక మడతపెట్టడం, చెవి తమ్మె అతికి ఉండడం వంటివి వంశపారంపర్యానికి సింపుల్ ఉదాహరణలుగా చెప్పడం కూడా మానేయండి, అవి అంత సింపుల్ కావు. నాలుక మీద తీపి ఇక్కడ, చేదు అక్కడ అనే మ్యాప్ తప్పు, అన్ని చోట్లా అన్ని రుచులూ తెలుస్తాయి. ఇంకా చాలా చార్టుల మీద అదే అచ్చవుతోంది.

అందరి ముందు బరువు తూచకండి. మేక గుండె, ఊపిరితిత్తులు తెస్తామని కొందరు ఉత్సాహపడతారు. వాసన, పారేయడం, ఇళ్లలో గొడవ, ఇన్ని ఉన్నాయి. కావాలంటే కోడి ఎముకను ఇంట్లో నాలుగైదు రోజులు వెనిగర్‌లో నానబెట్టి, కడిగి, సీసాలో తీసుకెళ్లండి. రబ్బరులా వంగుతుంది, క్యాల్షియం పోయిందని తెలుస్తుంది. నెలసరి, ఎదిగే వయసు గురించిన పాఠం ఈ బండిలో కలపకండి. దానికి వేరే రోజు, లేడీ టీచర్, వేరే గది కావాలి.

నిజం మెదడు చూస్తామంటే బెంగళూరులో ఒక అదృష్టం ఉంది. మెదడు, మానసిక వైద్యం చేసే నిమ్‌హాన్స్ ఆసుపత్రిలో మెదళ్ల మ్యూజియం ఉంది, ముందుగా అనుమతి తీసుకుని పెద్ద తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లొచ్చు.

ఇక బండి

మొదటి ఐదారు బడులకు కారు డిక్కీ చాలు. రెండు ట్రంకులు, నలుగురు మనుషులు. అవి తిరిగాక కూడా ఉత్సాహం మిగిలితే ఈకో లాంటి వ్యాన్ తీసుకోండి, వర్తూరు లోపలి సందుల్లో తిరుగుతుంది. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి చెప్పాలంటే మినీ బస్సు కావాలి. సీట్లు తీసి బల్లలు బిగించాలంటే ముందు ఆర్‌టీఓ అనుమతి తీసుకోండి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి. కదులుతున్న బండిలో పిల్లలు ఎప్పుడూ ఉండకూడదు. ఆగాక హ్యాండ్ బ్రేక్, చక్రాలకు దిమ్మెలు. గూడ్స్ బండి అయితే పీక్ టైమ్‌లో ఏ రోడ్డులో ఎంట్రీ లేదో ట్రాఫిక్ పోలీసుల దగ్గర కనుక్కోండి. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా పోవాల్సి వస్తే గంట ముందే బయల్దేరండి, ఇది చట్టం కాదు, అనుభవం.

బండిలో కరెంటు మీద ఆధారపడే వస్తువు ఏదీ పెట్టకండి. మేం ఒకసారి టీవీ, లైట్లు అన్నీ బిగించిన వ్యాన్ అద్దెకు తెచ్చాం. బడి ముందు జనరేటర్ స్టార్ట్ చేసి, ఆ మోతలో ముప్పై మంది పిల్లల్ని గుండె చప్పుడు వినమన్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ. వానాకాలం మధ్యాహ్నాలు ఆకాశం ఎప్పుడు మీద పడుతుందో తెలియదు, బండి పక్కన ఆరుబయట బల్లలు వేసే ప్లాన్ ఉంటే వరండా ఒకటి ముందే అడిగి పెట్టుకోండి.

9. సర్దుకోవడం

వాడిన స్ట్రాలు, కప్పులు లెక్కపెట్టి మూత బకెట్‌లో వేసి మీతోనే తెచ్చుకోండి, బడి వెనక పారేయొద్దు. సున్నపు తేట మిగిలితే బోలెడు నీళ్లు కలిపి పారబోయండి. పిల్లలంతా సబ్బుతో చేతులు కడిగాకే బయటికి. బెలూన్ ముక్కలు నేలమీద మిగలకుండా ఏరండి, చిన్నతరగతి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

10. పని అయిందో లేదో చూసుకోవడం

పిల్లలు చప్పట్లు కొట్టారంటే ఏమీ తేలదు. బండి వచ్చిందంటే ఎలాగూ కొడతారు. రెండో కాగితం ఇచ్చి మళ్లీ లోపలి బొమ్మ గీయించండి. మొదటి కాగితం పక్కన పెట్టి ఐదు చూడండి. గుండె మధ్యకు జరిగిందా, గుప్పెడంతే ఉందా? ఊపిరితిత్తులు రెండున్నాయా? వాటి కింద ఉదరవితానం గీత ఉందా? పేగు పొడుగ్గా మెలికలు తిరిగిందా? నోటి నుంచి చివరిదాకా దారి తెగకుండా ఉందా? ఏ ఒక్కటి తరగతిలో ఎక్కువమందికి మారలేదో, ఆ పని మీరు సరిగా చేయించలేదని అర్థం. పిల్లల్ని అనకండి, వచ్చే శనివారం దాన్ని మార్చండి. మా వాళ్లకు చాలాకాలం ఉదరవితానం మారేది కాదు. అడుగు రబ్బరు మేమే కట్టిచ్చేవాళ్లం, అదీ కారణం.

వెళ్లేటప్పుడు ఒక గరాటు గొట్టం, ఒక బాటిల్ ఊపిరితిత్తి టీచర్ చేతికిచ్చి, ఆమెతోనే ఒకసారి కట్టించి, బెలూన్ల ప్యాకెట్ ఒకటి వదిలి రండి. మూడు వారాలయ్యాక అటువైపు పోయినప్పుడు ఆగి చూడండి. బెలూన్ చిరిగి, పైపు మీద స్కెచ్ పెన్ను గీతలు ఉంటే కొత్త ప్యాకెట్ ఇచ్చి వచ్చేయండి. మీరిచ్చిన అట్టపెట్టెలో అలాగే బీరువాలో తాళం వేసి ఉంటే, టీ తాగుతూ ఆమెతో ఇంకోసారి దగ్గరుండి కట్టించండి.